వంతెనబ్బాయి కెమెరా కేసు

ముక్కు మీద కోపం ఉన్న మనిషిని కొట్టులో కూర్చోబెడితే గిరాకీ పోతుందని మా నాన్న అనేవాడు. అంటూనే నన్ను కూర్చోబెట్టాడు, ఇంకెవరూ లేరు కనక. బ్యాగులు, బెల్టులు, వాచీ పట్టీలు, జిప్పు ఊడిన సూట్‌కేసులు, ఇదీ మా సరుకు. కొత్తవి కొన్ని అమ్ముతాం, పాతవి చాలా బాగుచేస్తాం. నాన్న పోయాక కొట్టు నాకొచ్చింది. కొట్టుతోపాటు నాన్నకి అక్క, మా మేనత్త కూడా నాకే వచ్చింది. ఎనభై దాటిన మనిషి. పొద్దున్నే నాకంటే ముందు తయారై కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, డబ్బాలోని పాత బకిల్సూ టిచ్ బటన్లూ రకాలవారీగా ఏరుతుంది. సాయంత్రం లేచేటప్పుడు అన్నీ కలిపి మళ్ళీ అదే డబ్బాలో పోస్తుంది. చెవుడంటుంది. ఆ చెవుడు నేను పని చెప్పినప్పుడే వస్తుంది.

నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగిన ప్రతివాళ్ళకీ ఒక్కో కారణం చెప్పేదాన్ని, నాకూ సరదాగా ఉండేది. తర్వాత తర్వాత అడిగేవాళ్ళు తగ్గిపోయారు. కణతల దగ్గర జుట్టు తెల్లబడ్డాక ఎవరూ అడగరు. అడగడం మానేశాక తెలిసింది, ఆ ప్రశ్న మీద నాకు కోపమే తప్ప ద్వేషం లేదని.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నా వేల్లో ఆరె దిగింది. తోలుకి కన్నాలు పొడిచే ఆరెకి తోలుకీ వేలికీ తేడా తెలీదు. వేలు నోట్లో పెట్టుకుని తలెత్తేసరికి బల్లకి అవతల ఒక మనిషి. చొక్కా మీద సిమెంటు దుమ్ము. చేతిలో రుమాలు చుట్టిన వస్తువేదో ఉంది. నిద్రపోతున్న పసిబిడ్డ ముఖం మీంచి దుప్పటి తీసినట్టు ఆ రుమాలు తీశాడు. లోపల కేసులో ఒక పాత కెమెరా.

"దీనికో కేసు కావాలండీ."

"ఉందిగా కేసు."

"ఉందండీ. కానీ పోయింది."

"ఉందా, పోయిందా? ఏదో ఒకటి చెప్పండి."

నవ్వాడు. నా మాటకి మొహం మాడ్చుకునేవాళ్ళని చూశాను, మెట్లు దిగి వెళ్ళిపోయేవాళ్ళని చూశాను. నవ్వేవాళ్ళు అరుదు. కేసు చేతిలోకి తీసుకున్నాను. పోయిన మాట నిజమే. తోలు ఎండి పెళుసైంది. దారం చివికిపోయింది. ముందుభాగాన్ని పట్టి ఉంచే బటన్లలో ఒకటి లేదు. ఎవరో దాని బదులు రబ్బరు బ్యాండు వేశారు.

"ఈ రబ్బరు బ్యాండు ఎవరి పని?"

"నాదేనండీ."

"సిగ్గులేదూ?" అనబోయి ఆగాను. మొదటిసారి వచ్చిన మనిషి కదా.

నాకు తోలు తెలుసుగానీ కెమెరాల గొడవ తెలీదు. ఆయనే చెప్పాడు. దాన్ని రేంజ్‌ఫైండర్ కెమెరా అంటారట. మెడలో వేసుకుని తిరిగే పెద్ద కెమెరాల్లో అయితే లెన్సులోంచే చూస్తారట. దీంట్లో అలా కాదు. ఫోటో పడే లెన్సు మధ్యలో ఉంటుంది, కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ పైన ఒక మూలకి ఉంటుంది. దేని దారి దానిదే. ఆ కిటికీలోంచి చూస్తే ఎదుటి వస్తువు చెదిరి రెండుగా కనిపిస్తుందట. లెన్సు చుట్టూ ఉన్న రింగు మెల్లగా తిప్పుతూ ఉంటే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయట. అప్పుడు నొక్కాలి.

"ఇద్దర్ని ఒకటి చెయ్యాలంటే ఉంగరం తప్పదని దానిక్కూడా తెలుసన్నమాట," అంది అత్తయ్య కిటికీ దగ్గర్నుంచి, బటన్ల మీంచి తల ఎత్తకుండా.

నేను వినిపించుకోలేదు. చెవుడు మా వంశంలోనే ఉంది.

"కేసుల్లో రకాలుంటాయి," అన్నాను ఆయనతో. "నిండు కేసు కావాలంటే ఇలాంటిదే, కొత్తది కుడతాను. లెన్సుతో సహా అంతా మూసుకుంటుంది. దుమ్ము దూరదు, దెబ్బ తగలదు. కానీ ఫోటో తియ్యాలన్నప్పుడల్లా విప్పాలి. సగం కేసంటే నడుం దాకానే ఉంటుంది, చొక్కా లేని లుంగీలా. చటుక్కున తీసుకోవచ్చు, కానీ లెన్సుకి ఆచ్ఛాదన ఉండదు. అవేవీ వద్దంటే మెత్తటి సంచి కుడతాను, అందులో పడేసి మర్చిపోవచ్చు. ముందు ఒకటి చెప్పండి. కెమెరా వాడతారా, దాచుకుంటారా?"

ఆయనకి ఏరు మీద కడుతున్న కొత్త వంతెన దగ్గర ఉద్యోగమట. బోల్టులు సరిగ్గా బిగిశాయో లేదో ఒక్కొక్కటీ పట్టి చూడడమే పని. అక్కడంతా దుమ్ము. ఆ లెక్కన నిండు కేసే మంచిది. కానీ బటన్లు విప్పేలోపు పక్షి ఎగిరిపోతుంది.

"ఏ పక్షి?"

"ఏదైనానండీ. తీద్దామనుకున్నది ఏదైనా."

ఆడలేక మద్దెల ఓడన్నాడని, ఫోటోలు కుదరనివాళ్ళు నేరం కేసు మీదికి తోస్తారని మనసులో అనుకున్నాను. చివరికి నిండు కేసే అన్నాడు. కెమెరా మాత్రం వదిలి వెళ్ళలేడట. చొక్కా కుట్టించుకునేవాడు కొలతలకి వచ్చినట్టు, కుట్టినంతవరకూ చూసుకోవడానికి తనే తెస్తూ ఉంటానన్నాడు. సరే రమ్మన్నాను. అదీ మొదలు.

ఆయనకి పేరుంది, నాకు తెలుసు కూడా. కానీ అత్తయ్యకీ నాకూ మధ్య ఆయన వంతెనబ్బాయి. పెట్టింది అత్తయ్య.

"అబ్బాయేమిటత్తయ్యా, యాభై దాటిన మనిషి."

"నా ముందు వాడు అబ్బాయేనే. పెళ్ళాం పోయి చాలా ఏళ్ళయిందట. పిల్లల్లేరట. అద్దె గదిలో ఉంటాడట. చొక్కా గుండీలు తనే కుట్టుకుంటాడు, చూడు ఆ కుట్టు ఎంత అడ్డదిడ్డంగా ఉందో."

"నువ్వెప్పుడు అడిగావు ఇవన్నీ?"

"నువ్వు లోపల తోలు వెతుకుతున్నప్పుడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుందామనుకున్నా. కందకి దురద ఉన్నట్టే కనిపించింది మరి."

నిండు కేసు బాగా కుదిరింది. లోపల ఎర్ర మఖమల్ అతికించాను, కెమెరా జారి కూర్చుంటే చప్పుడు కూడా రాదు. అడుగున ఒకే ఒక్క స్క్రూ కేసునీ కెమెరానీ కలిపి పట్టుకుంటుంది. బల్ల మీద పెట్టినప్పుడు గీసుకోకూడదని ఆ స్క్రూ తల తోలులోకి అణిగిపోయేలా చేశాను. వేళ్ళతో పట్టుకుని తిప్పడానికి వీలుండదు. దాని తల మీద గాడి ఉంది, జేబులో ఉండే ఏ నాణెం అందులో పెట్టి తిప్పినా వచ్చేస్తుంది.

ఆయన తీసుకెళ్ళాడు. మళ్ళీ వారం వచ్చాడు. కేసు కిర్రుమంటోందట. చెవి దగ్గర పెట్టుకుని తెరిచాను, మూశాను, నలిపాను. కిర్రూ లేదు కుర్రూ లేదు. ఆయన ముఖం చూశాను. ఆయన గోడకి వేలాడుతున్న బెల్టుల్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. నేను బటన్ దగ్గర కాస్త మైనం రుద్ది, "ఇప్పుడు చూడండి," అన్నాను. "ఆహా, పోయిందండీ," అన్నాడు. లేని చప్పుడు పోకేం చేస్తుంది?

ఆ తర్వాత పట్టీ పొడవైంది. తర్వాత అదే పట్టీ పొట్టిదైంది. ఆపైన ఒకరోజు ఫిల్ము అయిపోయిందని వచ్చాడు. కొత్త ఫిల్ము వెయ్యాలంటే కెమెరా వీపు తలుపు తెరవాలి. కేసు తీస్తేగానీ అది తెరుచుకోదు. స్క్రూ విప్పితేగానీ కేసు రాదు.

"ఈ స్క్రూ నాకు రావడం లేదండీ. మీరు కాస్త..."

నేను ఆయన చేతుల వైపు చూశాను. వెడల్పాటి చేతులు, వేళ్ళ కణుపుల దగ్గర కాయలు కాచి ఉన్నాయి. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా వంతెన బోల్టులు పట్టి చూసే మనిషికి, చిటికెనవేలి గోరంత స్క్రూ రావడం లేదట. సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి విప్పాను. ఆయన ఫిల్ము మార్చుకున్నాడు. మళ్ళీ బిగించాను, ముందుకంటే కాస్త గట్టిగా.

అప్పట్నుంచి ఫిల్ము అయినప్పుడల్లా రావడం మొదలైంది. మొదట్లో ఒక్కో ఫిల్ము నెలంతా వచ్చేది. తర్వాత ఆ ఫిల్ములకి ఏం తొందరొచ్చిందో గబగబా అయిపోయేవి. నేనూ ప్రతిసారీ ఇంకొంచెం బిగించి పంపేదాన్ని. తనకి రాదని ఆయన చెప్పడం, నిజమేనని నేను నమ్మడం. దొంగకి తేలు కుట్టినట్టు ఇద్దరం కిక్కురుమనకుండా ఉండేవాళ్ళం. మధ్యలో అత్తయ్య మాత్రం, "ఆ వంతెన ఎక్కాలంటే నాకు భయంగా ఉందే. బిగించేవాడికి స్క్రూలు రావట," అనేది.

కడిగించిన ఫోటోలు తెచ్చి బల్ల మీద పరిచేవాడు. వంతెన ఇనుప కమ్మీల మధ్య ఆకాశం ముక్కలు. వరసగా గోడకి ఆనించిన పనివాళ్ళ హెల్మెట్లు. నీళ్ళ మీద స్తంభాల నీడ. మా వీధి మొదట్లో బేకరీ మెట్టు మీద పడుకున్న పిల్లి. బాగుండేవి. బాగున్నాయని చెబితే నా నోరు అరిగిపోతుంది కనక, "మనుషులేరీ? ఊరంతా చచ్చిపోయినట్టుంది మీ ఫోటోల్లో," అన్నాను.

"మనుషుల్ని తియ్యలేనండీ. వాళ్ళు నావైపు చూస్తారు. చూస్తే నా చెయ్యి ఆడదు."

ఆ మాట రాత్రి దాకా నాతోనే ఉంది. నన్ను తియ్యమని నేను అడగలేదు, తీస్తానని ఆయనా అనలేదు. కానీ ఆయన వచ్చే రోజుల్లో తల దువ్వుకోవడం, జిగురు మరకల ఏప్రన్ మార్చుకోవడం మొదలెట్టాను. ఈ వయసులో ఇదేం పాడుబుద్ధే అని అద్దంలో నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకున్నాక దువ్వెన మళ్ళీ తీసుకున్నాను. మెట్ల మీద బూట్ల చప్పుడైతే ఆరె పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది. వచ్చింది వేరెవరైనా అయితే పాపం వాళ్ళకి ఆరోజు మూడినట్టే. దాచడమెందుకు, నాకు ఆయన కావాలనిపించింది. కొట్టు మూసేవేళ ఎవరో ఒకరు వచ్చి తలుపు రెండోవైపు పట్టుకుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

వంతెన పూర్తయిపోయింది. వంతెనలు పూర్తవుతాయన్న సంగతి నాకు తట్టనేలేదు.

"నన్ను చాలా దూరం వేశారండీ," అన్నాడు ఆయన ఒక మధ్యాహ్నం. వాన పడుతోంది, గొడుగు గుమ్మంలో పెట్టి నీళ్ళు కారుతుంటే దాన్నే చూస్తూ చెప్పాడు. "రెండు కొండల మధ్య వంతెన. చాలా ఏళ్ళ పని. మళ్ళీ ఇటువైపు పడకపోవచ్చు."

"మంచిదేగా," అన్నాను.

"కేసు ఇంకోటి కుట్టాలండీ మీరు. ఇది కాకుండా."

"దీనికేమైంది?"

ఆయన కెమెరా తిరగేసి అడుగున ఉన్న స్క్రూ మీద బొటనవేలు పెట్టాడు. "అక్కడ విప్పిపెట్టేవాళ్ళుండరు కదండీ. నా అంతట నేను ఫిల్ము మార్చుకునేలా ఏదైనా..."

అత్తయ్య చేతిలో బటన్ల చప్పుడు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ మేమిద్దరం కలిసి ఆడిన అబద్ధాన్ని ఆయన అంత మెత్తగా బల్ల మీద పెట్టేశాడు. నేను దాని మీద రుమాలు కప్పినట్టు గబగబా కాగితం తీసి కొలతలు మొదలెట్టాను. ఏ రకం కావాలని అడిగాను.

"సగం కేసు చాలండీ. ఇన్నాళ్ళు దాచుకున్నది చాలనిపిస్తోంది."

కొలతలు రాస్తున్నాను. ఆయన వాన వైపు తిరిగి అన్నాడు. "అక్కడ ఊరు చిన్నదేనట. కానీ పనివాళ్ళు బాగా వస్తారట. బ్యాగులూ అవీ అక్కడా చిరుగుతాయి కదండీ. బాగుచేసేవాళ్ళు లేరంటున్నారు."

నాకు అర్థం కాలేదని ఎవరైనా అనుకుంటే వాళ్ళు నన్ను ఎరగరన్నమాటే. ఆ వాక్యంలోని ప్రతి పోగూ అర్థమైంది. కిటికీ దగ్గర ఆ ముసలమ్మ, గోడ నిండా నాన్న చేత్తో కొట్టిన మేకులు, బల్ల మీద నా మోచేతులు అరగదీసిన రెండు గుంటలు. ఇవన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. భయం వేసింది. నాకు భయం వేస్తే అది నోట్లోంచి పొగరుగా బయటికొస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే.

"చిరగనివ్వండి. కొత్తవి కొనుక్కుంటారు," అన్నాను.

"అవునండీ," అన్నాడాయన. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. వాన తగ్గేదాకా ఉండమని కూడా అనలేదు నేను.

అత్తయ్య ఏరిన బటన్లన్నీ డబ్బాలో పోసింది. తర్వాత, "నేను చచ్చిపోతే కొట్టు మూసి వెళ్తావా?" అని అడిగింది.

"నువ్వు చావవు. నన్ను చంపి చస్తావు."

"అదే చెప్తున్నా. నాకోసం ఆగుతున్నానని అనుకోకు. నేను ఎక్కడైనా బటన్లు ఏరుకోగలను. కుర్చీ కిటికీ పక్కన వేస్తే చాలు."

నేను ఏడవడం అత్తయ్య చూడకూడదని వెనకగదిలోకి వెళ్ళి తోలు వెతికాను. దొరికినా వెతుకుతూనే ఉన్నాను.

నాన్న ఎప్పుడో దాచిపెట్టిన మంచి తోలు ముక్క ఒకటుంది, తేనె రంగు. దేనికీ మనసొప్పక అలాగే ఉండిపోయింది. అది తీశాను. కత్తి పెట్టేముందు ఆ తోలు మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. పని తెలిసిన చేతికి చెడగొట్టడం కూడా తెలుస్తుంది. పట్టీ తగిలించే రింగు దగ్గర దారానికి మైనం తక్కువ రాస్తే చాలు. పైకి ఏమీ తెలీదు. ఒక వానాకాలం గడిస్తే చివుకుతుంది, ఒక్కో పోగూ తెగుతుంది. ఆ కొండల మధ్య బాగుచేసేవాళ్ళు లేరని ఆయనే చెప్పాడు. ఎంత దూరమైనా పట్టుకుని రావాల్సిందే. రావాలంటే కారణం కావాలి కదా, ఆ కారణం నేను కుట్టి పంపగలను. దారం తీసి మైనం రాయకుండా సూదికి ఎక్కించాను కూడా.

కుట్టలేకపోయాను. మంచితనమని కాదు. ఆ కెమెరా జారి ఆయన కాళ్ళ దగ్గర ఇనుప కమ్మీల మీద పడడం కనిపించింది. దాన్ని రుమాల్లో చుట్టుకున్న ఆ చేతులు కనిపించాయి. ఆ పగిలిన ముక్కలు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "కుట్టు ఊడిందండీ," అంటాడు, కోపం లేకుండా. అది నేను భరించలేను. దారం లాగేసి, మళ్ళీ మైనం రాసి, రెండు వరసలు కుట్టాను. అడుగున తోలుకి వీపువైపు ఒక మడత పెట్టాను. రెండు బటన్లు లాగితే అది కిందికి వాలుతుంది, స్క్రూ ముట్టుకోకుండానే కెమెరా తలుపు తెరుచుకుంటుంది. చీకట్లోనైనా ఒంటిచేత్తో విప్పుకోవచ్చు. నా అవసరం ఎక్కడా రాదు. అంత బాగా నా జన్మలో ఏదీ కుట్టలేదు.

కొలత చూసుకోవడానికి ఒకసారి వచ్చినప్పుడు, "సగం కేసులో లెన్సు బయటికే ఉంటుంది. దానికి విడిగా మూత కొనుక్కోండి, మర్చిపోకండి," అని చెప్పాను. తలూపాడు. బ్యాగుల మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాలని నోటిదాకా వచ్చి, మింగలేక కక్కలేక, పట్టీ పొడవు ఎంతుండాలని అడిగాను.

వెళ్ళే రోజు పొద్దున వచ్చాడు. గుమ్మంలో సూట్‌కేసు పెట్టాడు. దాని పిడి నేనే ఎప్పుడో మార్చాను. అత్తయ్య కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయినట్టు గురక కూడా పెడుతోంది, కాస్త ఎక్కువే పెడుతోంది.

కెమెరాకి కొత్త కేసు తొడిగి ఇచ్చాను. ఆయన చేతుల్లో తిప్పి చూసుకున్నాడు. రెండు బటన్లు లాగి మడత వాల్చాడు, మళ్ళీ వేశాడు. మళ్ళీ వాల్చాడు.

"ఇంత తేలిగ్గా వచ్చేస్తోందేంటండీ," అన్నాడు.

"మీరే కదా అడిగారు."

"అడిగానండీ."

కొట్టంతా కొత్త తోలు వాసన. వీధిలో ఎవరో షట్టరు ఎత్తిన చప్పుడు. ఆయన బల్ల మీద గీతల్ని చూశాడు, నేను ఆయన చొక్కా గుండీని చూశాను. కుట్టు వదులై వేలాడుతోంది. సూది నా ఎదురుగానే ఉంది.

"ఒకటి తీసుకోనా?" అన్నాడు.

"ఏంటి?"

"మిమ్మల్ని. ఫోటో."

"మనుషుల్ని తియ్యలేనన్నారుగా."

రెండడుగులు వెనక్కి వేసి కెమెరా కంటికి పెట్టుకున్నాడు. గోళ్ళలో జిగురుంది, చేతులు వెనక్కి దాచుకున్నాను. తల దువ్వుకున్నానో లేదో గుర్తురాలేదు. ఆయన వేళ్ళు రింగుని మెల్లగా తిప్పుతున్నాయి. ఎటు చూడాలో తెలీక లెన్సు వైపు చూశాను.

లెన్సుకి మూత ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, కొత్తది. నేను కొనమన్నదే. ఇన్నేళ్ళూ నిండు కేసు వాడిన మనిషికి మూత అలవాటు లేదు. ఆయన చూసే కిటికీ వేరు కనక నేను ఆయనకి శుభ్రంగా కనిపిస్తున్నాను. ఫిల్ముకి మాత్రం చీకటి.

చెబితే మూత తీస్తాడు, నొక్కుతాడు, సూట్‌కేసు ఎత్తుకుంటాడు. చెప్పకపోతే ఎక్కడో కొండల మధ్య ఫిల్ము కడిగించుకుని నా చోట నల్లటి ముక్క చూసుకుంటాడు. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. పళ్ళ డాక్టరు తప్ప నన్ను అంత దగ్గరగా, అంతసేపు ఎవరూ చూడలేదు నా జీవితంలో. కానీ తప్పు కళ్ళముందు కనిపిస్తుంటే ఊరుకోలేని పాడు అలవాటు నాది.

"మూత తియ్యలేదు మీరు," అన్నాను.

ఆయన కెమెరా దించలేదు.

"తెలుసండీ," అన్నాడు.

అత్తయ్య గురక ఆగిపోయింది.

"నొక్కితే అయిపోతుంది కదండీ," అన్నాడాయన కెమెరా వెనకనుంచి. "అయిపోయాక వెళ్ళాలి. కాసేపు అయిపోకుండా ఉంటుందని..."

నా కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే కదలాలి. చేతులు వెనకనుంచి తీసి బల్ల మీద పెట్టాను, జిగురుతో సహా, పాత ఆరె గాట్లతో సహా.

"సరే," అన్నాను. "చూడండి."

చూశాడు. నేనూ చూశాను, ఆయన కన్ను దాచుకున్న ఆ కిటికీ వైపు. ఎంతసేపో తెలీదు. ఉండిపొమ్మని ఒక్క మాట అంటే ఉండిపోయేవాడు. వస్తానని ఒక్క మాట అంటే సూట్‌కేసు అక్కడే వదిలి, ముందు అత్తయ్య కుర్చీ మోసేవాడు. రెండు మాటలూ నా నోట్లో ఉన్నాయి. లోకంలో ఎవరిని పడితే వాళ్ళని ఏ మాట పడితే ఆ మాట అనగలిగిన నా నోరు, ఆ రెండింటిలో ఒక్కటి బయటికి నెట్టలేకపోయింది.

"వాచీ పట్టీ ఉందాండీ? నల్లది?" అంటూ గుమ్మంలోకి ఎవరో వచ్చారు.

ఆయన కెమెరా దించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కెమెరా మెడలో వేసుకుని, అత్తయ్య దగ్గరికి వెళ్ళి వంగి, "వస్తాను పెద్దమ్మగారూ," అన్నాడు. అత్తయ్య కళ్ళు తెరవకుండానే ఆయన తల మీద చెయ్యి పెట్టింది. ఆయన సూట్‌కేసు తీసుకుని మెట్లు దిగాడు. పట్టీ కోసం వచ్చినాయనకి నల్లదని చెప్పినా గోధుమరంగుది ఇచ్చాను, ఆయన పాపం ఏమీ అనకుండా తీసుకెళ్ళాడు.

ఇప్పుడు ఏరు దాటాలంటే అందరూ ఆ వంతెన మీదే వెళ్తారు. నేనూ వెళ్తాను, బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. అత్తయ్య ఇంకా బటన్లు ఏరుతూనే ఉంది, వంతెనబ్బాయి మాట ఎత్తదు. మెట్ల మీద బూట్ల చప్పుడైతే మాత్రం తలెత్తి ముందు నావైపు చూస్తుంది, తర్వాత గుమ్మం వైపు. నేను తల ఎత్తను. ఆ కేసు పాడైతే తప్ప ఆయన రావడానికి కారణం లేదు. అది పాడవదు. నేనే కుట్టాను కదా.